సిక్ రాసిన వైన్ పెట్టె

ఆ ఏడు ఇప్పపూలు రాలే రోజులకి నా ముక్కు పనిచెయ్యడం మానేసింది.

పాటగత్తెకి గొంతు పోతే జనం అయ్యో అంటారు. వైన్ గురించి రాసి బతికే మనిషికి వాసన పోతే నవ్వుతారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఫిబ్రవరిలో వారం రోజులు జ్వరం కాసింది. పోతూ పోతూ ముక్కులో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. "వస్తుంది, కంగారుపడకండి" అన్నాడు డాక్టరు. ఎప్పుడని అడిగితే పంఖా వైపు చూశాడు. అందని ద్రాక్ష పుల్లన అంటారు గానీ, నాకు చేతికందిన ద్రాక్ష కూడా పుల్లగానే ఉండేది. నాలుకకి పులుపు తెలిసేది, అంతే. మిగతాదంతా ముక్కు చూసుకోవాల్సిన పని, ముక్కేమో సెలవులో ఉంది.

పన్నెండేళ్లుగా ఒక ఇంగ్లీషు పత్రిక ఆదివారం పేజీలో వైన్ మీద రాస్తున్నాను. మొదట ముంబయిలో ఉండి రాశాను. రెండేళ్లుగా బిలాస్‌పూర్‌లోనే, నాన్న రిటైరయ్యాక తోర్వా పేటలో కట్టుకున్న ఇంటి మేడగదిలో కూర్చుని రాస్తున్నాను. మా వీధిలో నా గురించి రెండు మాటలున్నాయి. ఎదురుగా "ప్రసూన పేపర్లో రాస్తాది" అంటారు. వెనకాల "అమ్మన్న కూతురు సారా మీద రాస్తాది" అంటారు. అమ్మన్న అంటే మా నాన్న, ఆయన మొదటి మాట మాత్రమే వింటాడు. అమ్మ రెండూ విని, రెండో మాట అన్నవాళ్ల పేర్లు గుర్తుపెట్టుకుంటుంది.

ఏప్రిల్‌లో మా ఊళ్లో వైన్ వాణిజ్య మేళా పెడుతున్నారని తెలియగానే మా ఎడిటర్ శ్రీనిధి ఫోన్ చేసింది. నాకన్నా పదేళ్లు చిన్నది, హైదరాబాదు పిల్ల, మాట సూటిగా ఉంటుంది.

"ప్రసూన గారూ, పూర్తి పేజీ మీకే. మేళాలో మేటి పది వైన్లు మీరు ఎంచి రాయండి. ఒక్క మాట చెప్పనా, పైవాళ్లు ఈ కాలమ్ తీసేద్దామంటున్నారు. ఈ పేజీ చూశాక మాట్లాడదాం అని ఆపాను."

"సరే" అన్నాను. ఫోన్ పెట్టేశాక బల్ల మీద మూత తీసి ఉన్న సీసా వైపు చూశాను. అందులో వైన్ ఉన్నా కిరసనాయిలు ఉన్నా నాకు ఒకటే.

ఆ ఫోనొచ్చిన మూడో రోజునే గుట్టు బయటపడింది. అమ్మ పొయ్యి మీద పోపు పెట్టి పాలవాడితో మాట్లాడడానికి వీధిలోకి వెళ్లింది. నేను పొయ్యి పక్కనే ముక్కాలి పీట మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. నాన్న పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి పొయ్యి కట్టేశాడు. మూకుట్లో ఆవాలూ మిరపకాయలూ బొగ్గయ్యాయి.

"పక్కనే కూకున్నావు, పోపు మాడిపోతన్నాది తెలీనేదేటి?" అన్నాడు.

నాన్న నా మొహం వైపు కాసేపు చూసి మాడిన మూకుడు తీసి నా ముక్కు కింద పెట్టాడు. "ఏటి వాసనొస్తన్నాది?"

"ఏం రావట్లేదు నాన్నా. ఫిబ్రవరి నుంచి."

అప్పుడే లోపలికొచ్చిన అమ్మ గుమ్మంలో ఆగిపోయింది. "ఓలమ్మ! మరి నీ ఉద్దోగం?"

"ఉద్యోగమే ముక్కమ్మా" అన్నాను. అంటూ ఉండగానే ఏడుపొచ్చింది. నలభై రెండేళ్ల మనిషిని, పీట మీద కూర్చుని, మాడిన పోపు ముందు బొటబొటా ఏడ్చాను.

మా నాన్న గురించి ఇక్కడ చెప్పాలి. ముప్పయ్యారేళ్లు రైల్వేలో బళ్లని పరీక్ష చేసే ఉద్యోగం చేశాడు. యార్డులోకి గూడ్సు బండి వస్తుంటే పట్టాల పక్కన గొంతుక్కూర్చుని, కదిలే చక్రాలని చూసి, విని, వాసన చూసి, ఏ వ్యాగనులో ఇరుసు వేడెక్కిందో చెప్పేవాడు. వేడెక్కిన గ్రీజు వాసన పొగ కన్నా ముందొస్తుందట. చెడ్డ వ్యాగన్ దొరికితే దాని మీద సుద్దముక్కతో ఇంగ్లీషులో సిక్ అని రాసి పక్కన ఇంటూలా ఒక కత్తెర గుర్తు గీసేవాడు. ఆ గుర్తు పడిన వ్యాగన్ని బండిలోంచి విప్పాల్సిందే, పెద్ద ఆఫీసరు వచ్చినా సరే. రిటైరైనా సుద్దముక్క మాత్రం చొక్కా జేబులోంచి రిటైరవలేదు. మా ఇంట్లో కారే కుళాయి మీద, ఊగే కుర్చీ మీద, అమ్మ మిక్సీ మీద కూడా సిక్ అని రాసి ఉంటుంది. బాగుపడ్డాక తనే తడిగుడ్డ పెట్టి తుడుస్తాడు. మిక్సీ మీద గుర్తు మూడేళ్లుగా ఉంది.

ఆ సాయంత్రం మేడగదిలో ఏం తోచి అలా చేశానో తెలియదు. మూడు గ్లాసుల్లో మూడు వైన్లు వంచి నాన్నని పిలిచాను. జన్మలో చుక్క ముట్టని మనిషి. చేతులు వెనక్కి కట్టుకుని, గ్లాసుని తాకకుండా, మొహం మాత్రం వంచి గాలి పీల్చాడు.

"ఇదేటంటే, కొత్త చెప్పుల డబ్బా మూత తీసినట్టున్నాది. లోపల నేరేడుపళ్లు."

నేను ఆ ఎర్ర వైన్ గురించి నాలుగేళ్ల క్రితం రాసిన ముక్క తీసి చూశాను. తోలు, నేరేడు అని నేనే రాశాను.

"ఇది పచ్చి జామకాయ. కొత్తగా గడ్డి కోసినట్టు కూడా ఉన్నాది." రెండోదీ సరిపోయింది. మూడో గ్లాసు దగ్గర ఆగి నవ్వాడు. "ఇది మన పార్సిల్ ఆఫీసు. బంగినపల్లి బుట్టలొచ్చిన రెండో రోజు."

"నాన్నా, మేళాకి నాతో రా" అన్నాను. "నువ్వు వాసన చూసి చెప్పు, నేను రాసుకుంటాను. తాగక్కర్లేదు."

"తాగకపోతే ఏటంటారు?"

"అక్కడెవరూ తాగరు నాన్నా. నోట్లో పోసుకుని ఉమ్మేస్తారు."

నాన్న నన్ను అనుమానంగా చూశాడు. ముక్కుతో పాటు ఇంకేమైనా పోయిందేమో అనుకున్నాడు కాబోలు.

మేళాకి శుక్రవారం పొద్దున్న వెళ్లాం. నాన్న ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని నా స్కూటర్ వెనక కూర్చున్నాడు. ఎండ అప్పటికే చుర్రుమంటోంది. మైదానంలో ఏసీ పెట్టిన పెద్ద టెంటు, లోపల వరసగా అరవై స్టాళ్లు, తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు, వాటి మీద గ్లాసులు. రాయ్‌పూర్ నుంచీ నాగ్‌పూర్ నుంచీ వచ్చిన హోటళ్లవాళ్లు మెడలో కార్డులు వేలాడేసుకుని, గ్లాసు తిప్పి, చప్పరించి, బకెట్లలో ఉమ్ముతున్నారు.

"నిజంగానే ఉమ్మేస్తన్నారే!" అన్నాడు నాన్న. "ఇంతోటి దానికి ఫారిన్ నుంచి తేడమేటి?"

ఇన్ని మేళాలు చూశాను గానీ అంత నవ్వుకుంటూ ఏ మేళాలోనూ తిరగలేదు. నాన్న ప్రతి గ్లాసు ముందూ చేతులు వెనక్కి కట్టుకుని వంగేవాడు, కళ్లు మూసుకునేవాడు, నా చెవిలో చెప్పేవాడు. తడిసిన బొగ్గు. రైలు ఏసీ బోగీలో ఉతికిన దుప్పటి. వాన పడ్డ ఎర్రమట్టి. కాల్చిన జీడిగింజ, శ్రీకాకుళంలో మీ తాతమ్మ కాల్చినట్టు. నేను రాసుకునేదాన్ని. చుక్కయినా నోట పెట్టకుండా వాసన మాత్రమే చూసి తలూపి ముందుకెళ్లే ఈ తెల్లచొక్కా పెద్దాయన ఎవరో మహా ఘనుడని మధ్యాహ్నానికల్లా మేళా అంతా పాకింది. స్టాళ్లవాళ్లు నన్ను వదిలేసి ఆయనకి కుర్చీలు వేశారు.

చివరి వరసలో మూల ఒక చిన్న స్టాలుంది. ఇప్పపూల వైన్. అక్కడ ఎవరూ ఆగడం లేదు. నాన్న ఆగాడు. చాలాసేపు ఆగాడు.

"మోప్కా ఊరి అవతల పొద్దున్నే చెట్ల కింద పూలు ఏరతారు చూడు, మంచు ఇంకా ఆరకముందు. అదే ఇది. ఇందులో దొంగతనం నేదు" అన్నాడు. స్టాలామెకి తెలుగు రాదు. నాన్న మొహం చూసి ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి.

రెండో రోజు అసలు కథ జరిగింది. మేళాకి పెద్ద ఎత్తున డబ్బు పెట్టిన దిగుమతిదారు దేవాంగన్ గారి స్టాలు అన్నిటి కన్నా ముందుంది, మొదటి రోజు జనం ఎక్కువై అక్కడ ఆగలేదు. వాళ్ల ఎర్ర వైన్ గురించి రెండు రోజులుగా ఒకటే పొగడ్తలు. నేనూ నా జాబితాలో మొదటి చోటు దానికే ఖాళీగా ఉంచాను, నిజం చెప్పాలంటే వాసన చూడకముందే. కొత్త పెట్టె విప్పి, సీసా తీసి, నాన్న ముందు గ్లాసు పెట్టారు. నాన్న వంగాడు. కళ్లు మూసుకోలేదు. మళ్లీ వంగాడు.

"గుంటా, ఇది బాగోనేదు" అన్నాడు నా చెవిలో, చిన్నప్పుడు పిలిచినట్టే. "వానాకాలం గూడ్సు షెడ్డులో తడిసి ముక్కిన గోనెసంచి."

తడిసిన గోనె అంటే బిరడా చెడిందని అర్థం. బిరడాలో పట్టిన బూజు వైన్‌కి ఎక్కుతుంది. కొద్దిగా ఉంటే చాలామందికి తెలియదు, గొప్ప పేరుంటే అసలే తెలియదు. పక్కనే ఇద్దరు హోటలు మేనేజర్లు అదే వైన్ పుక్కిలించి "వాహ్" అంటున్నారు. నాన్న మాట పొరపాటైతే? నాకేమో చూసుకునే దారి లేదు. ఎలా చెప్పాలా అని నేను తటపటాయిస్తున్నాను. అటు తిరిగి చూసేసరికి నాన్న బల్ల పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. సీసా తీసిన పెట్టె మీద, బంగారు అక్షరాల మీదుగా, సుద్దముక్కతో సిక్ అని రాసి కత్తెర గుర్తు గీసేశాడు.

"అరే! యే క్యా కర్ దియా బాబూజీ!" దేవాంగన్ కేకకి చుట్టూ ఉన్న గ్లాసులు ఆగిపోయాయి.

నాన్న లేచి నిలబడి చేతులు దులుపుకున్నాడు. అప్పుడు తెలిసింది ఆయనకి, తను యార్డులో లేనని. చెవులు ఎర్రబడ్డాయి. కానీ తుడవలేదు.

"బాబూ, మాఫ్ కర్నా, అలవాటు" అన్నాడు సగం హిందీలో. "లేకిన్ ఖరాబ్ హై."

మేళాకి వచ్చిన జడ్జీల పెద్ద జానకిరామ్ గారిని పిలిచారు. హైదరాబాదులో పెద్ద హోటళ్లకి వైన్ ఎంచిపెట్టిన మనిషి. ఆ పెట్టెలోంచే ఇంకో సీసా తెరిపించారు. వాసన చూశారు. మూడోది తెరిపించారు. పక్క పెట్టెలోంచి ఒకటి తెరిపించి పోల్చారు. చివరికి గ్లాసు కింద పెట్టి, పెట్టె మీది సుద్ద గుర్తుని వేలితో చూపించారు.

"ఆయన రాసిందే కరెక్టు. ఈ పెట్టె మొత్తం పోయింది. మిగతావి బాగున్నాయి."

దేవాంగన్ మొహంలో రంగులు మారాయి. గంటలో రాయ్‌పూర్ హోటలువాళ్లు వచ్చి ఆ పెట్టెలోంచే రుచి చూడాల్సి ఉందట. చెడ్డ సీసా తాగించి ఉంటే వ్యాపారం, పరువు రెండూ పోయేవి. అంతసేపూ మండిపడుతున్న మనిషి వచ్చి నాన్న చేతులు రెండూ పట్టుకున్నాడు. చప్పట్లు మొదలయ్యాయి.

"ఎక్కడ నేర్చుకున్నారండీ ఇదంతా?" అన్నారు జానకిరామ్ గారు.

"యార్డులో."

"ఏ దేశం?" వైన్‌యార్డు అనుకున్నారాయన.

"బిలాస్‌పూరే" అన్నాడు నాన్న.

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే జానకిరామ్ గారు నా వైపు తిరిగారు. "ప్రసూన గారూ, మీ ముక్కు పదును మాకు తెలుసు. మీరూ ముందే పసిగట్టే ఉంటారుగా?"

నేను నవ్వి తలూపాను.

అంతే. ఒక్క తలూపు. నాన్న చూశాడు.

ఇంటికొచ్చాక, అమ్మ పెట్టిన ఉప్మా ముందు కూర్చుని అడిగాడు. "ఆ గోనె వాసన నీకొచ్చిందా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"బండి కదిలే ముందు సర్టిఫికెట్ ఇస్తాం. పరీక్ష చేసినోడే సంతకం పెట్టాలి. చూడని బండికి సంతకం పెట్టమని నన్నెంతమంది బతిమాలారో, ఎంతమంది బెదిరించారో మీ అమ్మకి తెలుసు. ముప్పయ్యారేళ్లు. ఒక్కటి పెట్టనేదు." మంచినీళ్లు తాగాడు. "నాను చూసినదానికి నువ్వు తలూపినావు. రేపు పేపర్లో సంతకం కూడా పెడతావు."

"పెట్టకపోతే నా కాలమ్ పోతుంది నాన్నా."

"అచ్ఛా" అన్నాడు. ఉప్మా తిని చెయ్యి కడుక్కున్నాడు.

ఆదివారం పొద్దున్న నేను తలుపు తీసేసరికి మేడగది తలుపు మీద, సరిగ్గా నా కళ్ల ఎత్తులో, సుద్దముక్కతో సిక్ అని రాసి ఉంది. పక్కన కత్తెర గుర్తు. ముందు కోపమొచ్చింది. నేనేమైనా కుళాయినా, మిక్సీనా? మెట్ల మీద కూర్చుని దాని వైపు చూస్తూ ఉండగా కోపం పోయి సిగ్గేసింది. ఆయన ఏ వ్యాగన్నీ తిట్టేవాడు కాదు. దాని మీద రాసేవాడు, బాగుచెయ్యడానికి పంపేవాడు, అంతే.

శ్రీనిధికి ఫోన్ చేశాను. జ్వరం దగ్గర్నుంచి తలూపడం దాకా మొత్తం చెప్పాను.

"ప్రసూన గారూ, మూడు నెలలుగా ఏం చేశారు?"

"పాత నోట్సులోంచి రాశాను."

"అది కూడా రాయాలి మరి" అంది. "పైవాళ్లు ఏమంటారో నేను చెప్పలేను. మొదటి వాక్యం మాత్రం ఇదే పెట్టండి. నా ముక్కు పనిచెయ్యడం లేదు అని."

మధ్యాహ్నం మేళాకి వెళ్లగానే ముందు జానకిరామ్ గారిని వెతికి పట్టుకున్నాను. నిన్న తలూపింది అబద్ధమని చెప్పాను. నోరు ఎండిపోయింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "మంచిదమ్మా, ఇప్పుడు సన్మానం ఒక్కరికే చేస్తాం" అన్నారు.

చేశారు. ముగింపు సభలో అమ్మన్న గారి పేరు మైకులో పిలిచారు. నాన్న భుజాల మీద శాలువా పడింది. వచ్చే మేళాలో జడ్జీల బల్ల దగ్గర కూర్చోవాలని జానకిరామ్ గారు అందరి ముందూ అడిగారు. నాన్న మైకుకి మరీ దగ్గరగా వెళ్లి "వస్తాను, గానీ నాకు రాయడం రాదు, మా అమ్మాయి రావాలి" అన్నాడు. ఆ మాట టెంటంతా గింగిర్లు తిరిగింది. సారా అంగడి ముందు నడవాల్సొస్తే వీధి మారే మా అమ్మ, పట్టుచీర కట్టుకుని మొదటి వరసలో కూర్చుని ముక్కు మీద వేలేసుకుంది. ఆ తర్వాత పక్కనున్న ముక్కూ మొహం తెలియని హోటలు మేనేజరుకి ఆయన తన భర్త అని మూడుసార్లు చెప్పింది. మూడోసారి హిందీలో.

వారం గడిచింది. ఆ వారమంతా గది తలుపు మీది గుర్తు అలాగే ఉంది. నేనూ తుడవలేదు. అది తుడవాల్సింది నేను కాదు.

ఆదివారం ఎనిమిదింటికి పేపరొచ్చింది. పూర్తి పేజీ. మొదటి వాక్యం నా ముక్కు గురించి. మొదటి చోటు ఇప్పపూల వైన్‌కి, నాన్న చెప్పిన మాటల్లోనే, మోప్కా అవతలి మంచుతో సహా. అడుగున రెండు వరసలు. వాసన చూసినది: అమ్మన్న, రైల్వే బళ్ల పరీక్షాధికారి, రిటైర్డ్. రాసినది: ప్రసూన. నాన్న వేలు పెట్టుకుని రైల్వే ఫారాలు చదివినట్టు చివరి దాకా చదివాడు. అప్పుడే శ్రీనిధి ఫోన్. రాత్రి వెబ్‌లో పెట్టిన దగ్గర్నుంచి మెయిళ్లే మెయిళ్లట. కాలమ్ ఉంటుంది, కానీ ఒక షరతు. రెండు పేర్లూ ఉండాలి.

"ఏటంటున్నాది?" అన్నాడు నాన్న.

"డ్యూటీలోకి తీసుకుంటారట. నిన్ను."

"జీతమేటో అడిగినావా?" అంది అమ్మ వంటింట్లోంచి.

నాన్న నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి పేపర్లో తన పేరు కింద సంతకం పెట్టి, గడియారం చూసి టైము వేశాడు. పెన్ను నాకిచ్చాడు. నా పేరు కింద నేను పెట్టాను. ఆ పేపరు మడిచి చంకలో పెట్టుకుని, ముందు మేడ మీదికి ఒకసారి వెళ్లొచ్చి, తోర్వా బజారు వైపు నడిచాడు. మా వీధిలో ఆ రోజు ఏ రెండు మాటలు వినిపించాయో అమ్మ దగ్గర జాబితా ఉంది.

నేను మేడ మీదికి వెళ్లాను. ముక్కు ఇంకా రాలేదు. కింద అమ్మ పెడుతున్న పోపు చిటపటలు వినబడుతున్నాయి, వాసన మాత్రం లేదు. గది ముందు ఆగాను.

తలుపు మీద సుద్ద గుర్తు లేదు. ఎవరో తడిగుడ్డతో తుడిచారు. చెక్క ఇంకా ఆరలేదు.